పెద్దమనిషి సంతకం

“పెద్ద దేశమైతే మాత్రం చిన్న దేశంలోకి సైన్యాన్ని తోలేస్తారా? అంతర్జాతీయ చట్టమని ఒకటేడిచిందిగా!” టీకొట్లో పేపరు బల్ల మీద విసిరికొట్టాడు బుల్లయ్య. “ఐక్యరాజ్యసమితి ఖండించిందంట! ఖండిస్తే ఆగుతారంట్రా?”

నజీర్ టీ ముట్టలేదు. కాలవ చివర అతని మిరపచేను ఎండిపోతోంది. ఎగువన సర్పంచి తన వంతు కాని రోజుల్లోనూ ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడేస్తున్నాడు. నీటి వంతులు రాసుకున్న కాగితం మీద పెద్దమనిషిగా సంతకం పెట్టింది బుల్లయ్యే.

“బాబాయ్, సర్పంచిని అడిగావా?”

“అడక్కేం! అది తప్పని నలుగురిలో గట్టిగానే చెప్పా.”

“ఆపాడా?”

బుల్లయ్య తను విసిరేసిన పేపరే మళ్ళీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“నీ సంతకం చూసుకునే మిరప వేశాను బాబాయ్,” నజీర్ ఆ పేపరుకే చెప్పాడు.