మళ్ల గియ్యి

"చెప్పులు ఈడ్చుడు ఇంకా మానలేదారా?"

విజేందర్ గేటు దాటాడో లేదో అక్షింతలు మొదలయ్యాయి. వరండాలో కుర్చీ మీద నిర్మలమ్మ టీచర్. అదే కళ్లజోడు, అదే గొంతు. చిట్యాల బడిలో ఆమె బెత్తం రుచి చూడనివాడు లేడు. రిటైరయ్యాక తిరుమలగిరిలో కూతురు కోమల దగ్గర ఉంటోంది. అతను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి.

చంకలోంచి బొమ్మను ఎడమ చేత్తో తీశాడు. కుడిచెయ్యి నిరుడు హైవే మీద బండి పడ్డప్పుడే చచ్చుబడింది. ఆ చేత్తో అతను నరసింహస్వామిని గీస్తే, చూడవచ్చినవాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టేవాళ్లు. ఇప్పుడు పెన్సిళ్లు అటకెక్కాయి. బొమ్మలు గీసే దుకాణాన్ని మొబైల్ రిపేరు వాళ్లు కిరాయికి అడుగుతున్నారు. సరేనందామనుకున్న రోజే టీచర్ ఫోన్ చేసింది.

"బడిల నా బొమ్మ పెడతరంట. ఫ్లెక్సీ వద్దన్న. నువ్వే గియ్యాలె."

"చెయ్యి పోయింది టీచర్."

"ఇంకోటి ఉన్నది కద?"

ఆ మాట మీదే ఈ బొమ్మ గీసుకొచ్చాడు. కోమల లోపల్నుంచి వచ్చి "అన్నా, అమ్మకు..." అంటుండగానే టీచర్ అడ్డుకుంది.

"నువ్వు పోయి చాయ పెట్టు."

బొమ్మను ఒళ్లో పెట్టుకుని, తల వంచి, అంచు మీద వేళ్లు పోనిచ్చింది.

"చెవి ఎట్ల గీసినవ్?"

"చెవా... జర తొందరల..."

"తెలుస్తనే ఉన్నది. మళ్ల గియ్యి."

బస్సులో విజేందర్ పళ్లు కొరుక్కున్నాడు. మెచ్చుకోకపోతే మానె, కనీసం అవిటిచేతి మీద జాలైనా చూపొద్దా? ఈ ముసలామె నోట 'మంచిగున్నది' అనిపించకపోతే తన పేరు విజేందరే కాదనుకున్నాడు. అంత కోపంలోనూ ముందు సీటాయన చెవి మీదే చూపు నిలిచింది. ఆ రోజు నుంచి బస్టాండులో చెవులు, చాయ హోటల్లో చెవులు. పాత పేపరు దొరికితే చాలు, మార్జిన్ నిండా చెవులే. ఎడమ చెయ్యి రాత్రికి సలుపుతుంటే వేడినీళ్లలో పెట్టి, తెల్లారి మళ్లీ కూర్చునేవాడు.

రెండో బొమ్మ తీసుకుపోతే కోమల అందించిన చాయ తాగుతూ టీచర్ అడిగింది.

"వెంట్రుకలు ఒక్కొక్కటి గీసినవా, పులిమినవా?"

"అక్కడక్కడ జర..."

"పులిమినవ్. మళ్ల గియ్యి."

"టీచర్, ఎడమ చెయ్యిది. నా వశం గాదు."

"ఎడమచెయ్యి అని బొమ్మ కింద రాస్తవా? చూసెటోనికి బొమ్మ గావాలె. నీ చెయ్యి ముచ్చట ఎవనికి గావాలె?"

అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ దుకాణం అడిగినవాళ్లకు మరునాడే లేదని చెప్పేశాడు. ఈసారి వెంట్రుక వెంట్రుకా గీశాడు. నుదుటి ముడత దగ్గర చెయ్యి వణికితే, వణుకు తగ్గేదాకా ఆగి మళ్లీ అందుకున్నాడు. అన్నీ అయ్యాక, ఎప్పటిలాగే చివరికి కళ్లు పెట్టాడు.

మూడో బొమ్మను టీచర్ చాలాసేపు ఒళ్లో ఉంచుకుంది.

"ఈసారి ఏడ బుగులైంది, ఏడ భయపడ్డవ్?"

"ఏడ గాలే టీచర్. గీస్తుంటే అన్నం సుత యాదికి రాలే."

ఆమె ముఖం విచ్చుకుంది.

"కోమలా, నీకెట్లనిపిస్తంది?"

కోమల బొమ్మను చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"అచ్చం నువ్వే అమ్మా."

"ఇగ చాలు. మంచిగున్నది. సంతకం చెయ్యి, ఎడమచేత్తోనే."

విజేందర్‌కు గాల్లో తేలినట్టుంది. సాగనంపడానికి గేటు దాకా వచ్చిన కోమలతో నవ్వుతూ అన్నాడు.

"మీ అమ్మవి గద్దకండ్లు చెల్లె. ఇసుమంత తప్పు సుత దాటిపోదు."

కోమల ఒకసారి వరండా వైపు చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మకు చూపు పోయి రెండేండ్లాయె అన్నా."