ముందుగా వచ్చినవాడు

లోరీన్ గ్యారేజీ తలుపు ఇంకా పూర్తిగా ఎత్తనే లేదు. ఒక ముసలాయన వంగి లోపలికి చూశాడు.

"తుపాకులేమైనా ఉన్నాయా అమ్మా?"

బల్లల మీద పరిచిన పళ్ళేలు చూడలేదు. బొంతలు చూడలేదు. నేరుగా అదే ప్రశ్న.

భర్త డెల్బర్ట్ వసంతంలో పోయాడు. అతను ముట్టుకున్న వస్తువులన్నీ గ్యారేజీలో అమ్మకానికి పెట్టి, అవి పరాయివాళ్ళ బళ్ళెక్కి పోతుంటే నిలబడి చూడాల్సిన రోజది.

"ఒకటుంది. దుప్పుల వేట తుపాకీ," అంది.

"మీరు చెప్పినదానికి రెండింతలిస్తాను."

"వేటకు వెళతారా?"

"మానేశాను."

"మరి మీకెందుకు?"

ముసలాయనకు అబద్ధం చేతకాలేదు. "రంపంతో కోసి పారేస్తాను."

లోరీన్‌కు ఒళ్ళు మండింది.

డెల్బర్ట్‌కు పన్నెండో ఏట వాళ్ళ నాన్న చేతికిచ్చిన తుపాకీ అది. బొగ్గు గని మూతపడిన ఏడాది చలికాలమంతా పొయ్యి మీద మాంసం ఉడికిందంటే దాని చలవే.

"మా ఆయన ఎముకలు విరగ్గొడతానన్నా ఇంత బాధ ఉండదు. మీకు అమ్మను."

సాయానికి వచ్చిన పొరుగింటి ఓపల్ గొంతు పెంచింది. "ఈయనేనే ఆయన. ఊరూరా తిరిగి తుపాకులు కొని ముక్కలు చేస్తాడట. ఉండు, రేపు వచ్చి కూరగాయల కత్తులు కూడా అడుగుతాడు."

ఈలోగా వచ్చి బేరాలాడుతున్నవాళ్ళు నవ్వారు.

ముసలాయన నవ్వలేదు, కోప్పడలేదు. "నాకు అమ్మొద్దు సరే. తాళం వేసి ఇంట్లోనే ఉంచుకోండి. కుర్రాళ్ళకు మాత్రం ఇవ్వకండమ్మా."

"కుర్రాళ్ళకేం? ఈ కొండల్లో మగపిల్లలంతా తుపాకీ పట్టే పెరిగారు. చెడింది ఎవరు?"

"పక్కకు వస్తారా, ఒక్క మాట."

"ఏదైనా అందరి ముందే చెప్పండి."

ఆయన చుట్టూ చూశాడు. అందరి చెవులూ ఇటే ఉన్నాయి. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి వెళ్ళిపోయాడు.

కానీ ఎంతో దూరం పోలేదు. రోడ్డవతల తన పాత బండిలో కూర్చుని ఇటే చూస్తున్నాడు.

"కాకిలా కాపలా కాస్తున్నాడు," అని ఓపల్ రోడ్డు దాటి వెళ్ళింది. "పోతావా, షెరీఫ్‌కు ఫోన్ చేయనా?"

బండి కదిలింది. వంపు తిరిగేదాకా మెల్లగానే పోయింది.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. అప్పుడొచ్చాడు ఒక కుర్రాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. టోపీ తీసి నమస్కరించాడు. లోరీన్ బరువైన బల్ల జరుపుతుంటే అడక్కుండానే రెండో వైపు పట్టుకున్నాడు.

"అమ్మకం బోర్డు చూసి ఆగానండి. తుపాకీ ఉందని దారిలో ఎవరో అన్నారు."

అతను దాన్ని అందుకున్న తీరు లోరీన్ గమనించింది. గొట్టం నేలవైపు తిప్పాడు. లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకున్నాడు. ఎవరో శ్రద్ధగా నేర్పారు.

"పద్దెనిమిది నిండాయా బాబూ?"

"మార్చిలో నిండాయండి."

"వేటకేనా?"

"ఇంకేముంటుందండి ఈ ఊళ్ళో," అన్నాడు.

ఓపల్ ఎగాదిగా చూసింది. "నిన్ను చూస్తే దుప్పే నిన్ను భుజాన వేసుకుపోయేలా ఉందిరా."

కుర్రాడు నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు.

లోరీన్‌కు మనసు నిండింది. డెల్బర్ట్ తుపాకీ మళ్ళీ అడవి చూస్తుంది. సగం ధరకే ఇచ్చింది. అతను మిగిల్చిన తూటాల పెట్టెను ఊరికే చేతిలో పెట్టింది. ఆపిల్ పళ్ళతో చేసిన తీపి 'పై' ముక్క కోసి కాగితంలో చుట్టి ఇచ్చింది.

"తిని వెళ్ళు బాబూ."

"ఆకలి లేదండి. తీసుకెళతాను."

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమెకు నిద్ర పట్టింది.

బుధవారం ఉదయం షెరీఫ్ ఆఫీసు నుంచి పోలీసు కోడీ వచ్చాడు. చిన్నప్పుడు చర్చిలో లోరీన్ దగ్గర పాటలు నేర్చుకున్నవాడే.

"డెల్బర్ట్ గారి తుపాకీ అమ్మారా లోరీన్ గారూ?"

"అమ్మాను. ఏం, అప్పుడే వేట మొదలుపెట్టేశాడా? వేటకు అనుమతిచ్చే రోజులు ఇంకా రాలేదుగా."

కోడీ టోపీ తీసేశాడు. "వేట కాదమ్మా. నిన్న సాయంత్రం, వాగు దగ్గర. ఒక్కడే ఉన్నాడు. తన ప్రాణమే తీసుకున్నాడు."

లోరీన్ కుర్చీ కోసం తడుముకుంది. అతనే ఆమెను పట్టి కూర్చోబెట్టాడు.

"ఇదివరకు ఒకసారి ప్రయత్నించి ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. తుపాకుల షాపులో ఐతే కొనేవాడి పేరు రికార్డుల్లో వెతుకుతారు, అలాంటివాళ్ళకు అమ్మరు. ఇలాంటి చోట్ల ఎవరూ చూడరు కదా."

"నాకేం తెలుసు? అంత మంచిగా మాట్లాడాడు. టోపీ తీసి మాట్లాడాడు."

కోడీ మంచినీళ్ళు అందిస్తే ఆమె గ్లాసు పక్కకు నెట్టింది.

"నా దగ్గరికే వచ్చావేం? ఆ ముసలాయన్ని పట్టుకోండి. ఊరూరా తుపాకులు పోగేసే ఆ పిచ్చివాణ్ణి. వాడేం చేస్తున్నాడో ఎవరైనా అడిగారా?"

"అడిగామమ్మా. తుపాకీ అమ్మే ప్రతి చోటికీ తన మనవడికంటే ముందు చేరాలని రెండేళ్ళుగా తిరుగుతున్నారు. నలుగురిలో చెబితే పిల్లాడి పేరు పోతుందని ఎక్కడా నోరు విప్పలేదు."

బయట ఎవరిదో బండి పోయింది. కోడీ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మిమ్మల్ని తప్పు పట్టొద్దని, సంగతి మెల్లగా చెప్పమని బతిమాలి నన్ను పంపింది కూడా ఆయనేనమ్మా, వాడి తాత."