సీటు కింది గొట్టం

సీటు మళ్ళీ జారింది.

చెల్లెలు సైకిల్ దిగి చూసింది. సీటు కింది కార్బన్ గొట్టం మీద ఎత్తు కోసం పెట్టుకున్న గీత ఫ్రేములోకి దిగిపోయింది.

రేసుకి ఇరవై నిమిషాలుంది. దీన్నిబట్టి ఎంపిక చేసే జట్టులో మూడే చోట్లు. వయసు పరిమితి ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి ఏడాది.

"గ్రీజు దట్టంగానే రాశానే!" అన్నాడు అన్న, బోల్టుకి ఆలెన్ కీ పెడుతూ. "ఇంకో చుట్టు బిగిస్తే చచ్చినట్టు నిలబడుతుంది."

"ఆపు బాబూ."

టోపీ పెట్టుకున్న పెద్దాయన. ఎప్పుడొచ్చాడో, పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"కార్బన్‌కి గ్రీజు రాస్తే జారక ఏం చేస్తుంది? జారినప్పుడల్లా బిగించావు. ఎన్నిసార్లు?"

"మీకెందుకండీ? ఏదైనా అమ్ముకోవాలంటే రేసయ్యాక రండి."

"చూడనీ అన్నయ్యా," అంది చెల్లెలు.

పెద్దాయన గొట్టం బయటికి లాగాడు. గుడ్డతో తుడిచాడు. నాణెంతో పైనుంచి కొట్టుకుంటూ వచ్చాడు.

టిక్. టిక్. టిక్.

బోల్టు పట్టిన చోట చప్పుడు మారింది. టప్.

"అక్కడ గోరు పెట్టి చూడమ్మా."

ఆమె గోరు సన్నటి గీతకి తట్టుకుంది.

"పైపూత గీసుకుంది, అంతే," అన్నాడు అన్న.

"లోపల నలిగింది. ఇనుమైతే ముందు వంగుతుంది. ఇది చెప్పాపెట్టకుండా విరుగుతుంది. దిగుడులో విరిగితే ఆ ముక్క మీదే కూర్చోవాలి నీ చెల్లెలు."

"రేసు ముందు పిల్లని భయపెడతారేంటండీ! ఎక్కవే, నేనున్నాగా."

"నువ్వుంటావు అన్నయ్యా. పడేది నేను."

పెద్దాయన జట్ల టెంట్ల వైపు వెళ్ళిపోయాడు.

"పీడా విరగడైంది," అన్నాడు అన్న.

నాలుగు నిమిషాల్లో ఆయన తిరిగొచ్చాడు. చేతిలో అదే కొలతున్న ఇంకో గొట్టం.

ఫ్రేము లోపలి గ్రీజు తుడిచాడు. ఇసుక కలిపినట్టుండే పేస్టు రాశాడు. సీటు కొత్త గొట్టానికి మార్చి, ఎత్తు కొలిచి, బిగింపు కొలిచే టార్క్ రెంచి తిప్పాడు. ఐదు దగ్గర అది టక్కుమంది. చెయ్యి తీసేశాడు.

"ఇంతేనా? ఊడిపోదూ?" అన్నాడు అన్న.

"ఇంతే. నెలకోసారి తీసి, తుడిచి, పగుళ్ళు చూసి, పేస్టు రాసి పెట్టు. టక్కుమన్నాక మాత్రం ముట్టుకోకు."

మైకులో పిలుపొచ్చింది. ఆమె వెళ్ళింది.

అన్న రెండు గంటలు ముగింపు గీత దగ్గర నిలబడ్డాడు. నీళ్ళు కూడా తాగలేదు.

దిగుడు మలుపులో మొదట ఇద్దరు కనబడ్డారు. వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు, పక్కపక్కనే. ఒకరు చెల్లెలు. సీటు జారలేదు.

ఎవరు ముందో అతనికి తెలియలేదు. ఫోటో చూసి చెప్పారు. చెల్లెలిది మూడో స్థానం.

అన్న గొట్టం విప్పి, తుడిచి, పట్టుకుని టెంట్లన్నీ తిరిగాడు. ఆయన పేరు కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఫలితాల బోర్డు దగ్గర జడ్జి ఉన్నాడు.

"టోపీ ఆయనా? ఇప్పుడే బండెక్కి వెళ్ళారు."

"అయ్యో, ఇది ఇచ్చెయ్యాలండీ. ఆయన ఏ జట్టు కోచ్?"

"కోచ్ కాదయ్యా," జడ్జి బోర్డు మీద నాలుగో పేరు చూపించాడు. "అర చక్రం తేడాతో ఆగిపోయిందే, ఈ అమ్మాయి వాళ్ళ నాన్న."