అడక్కుండా తీసిన ఫోటో

పరాయి దేశంలో నాలుగో రోజు. కాళ్లు పీక్కుపోయి వీధి పక్క మెట్ల మీద కూలబడ్డాను. ఎదురుగా నిలబడి మనవరాలు మళ్లీ ఫోన్ ఎత్తింది.

నా పక్కన చెప్పులు కుడుతున్న ముసలాయన చటుక్కున లేచి ఆ ఫోన్ లాక్కున్నాడు.

పొద్దుటి నుంచి ఇది పదిహేడో ఫోటో. దారినపోయే మనుషులను అడక్కుండా తీయకూడదని పదిహేడుసార్లూ చెప్పాను.

"చెబితే చెవికెక్కిందా? ఆయన పోలీసులను పిలిస్తే ఏ భాషలో బతిమాలుతావు? ఫోటో చూపించి, ఆయన ముందే తీసెయ్యి."

"ఇదొక్కటీ ఉండనీ అమ్మమ్మా."

"కుదరదు."

అది తల వంచుకుని, ఆయన చేతిలోని ఫోన్‌లోనే ఫోటో చూపించింది. ముసలాయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. కోపం దిగిపోయింది. ఫోన్ నా వైపు తిప్పాడు.

అందులో ఆయనది మోచెయ్యి మాత్రమే ఉంది. మిగతాదంతా నేనే, చెప్పు విప్పి పాదం పిసుక్కుంటూ. ముందువి చూశాను. పూలకొట్టు దగ్గర నేను. బస్సు దిగుతూ నేను. పదిహేడింటిలోనూ నేనే.

"నన్నెందుకు అడగలేదే?"

"అడిగితే ఏనాడైనా సరేనన్నావా? తాతయ్య కూడా ఇలాగే వద్దనేవారు. పోయాక గుర్తింపు కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించాం."

ముసలాయన ఫోన్ దాని చేతిలో పెట్టి, తన మోచెయ్యి పడకుండా పక్కకు జరిగి కూర్చున్నాడు.

నేను చెప్పు తొడుక్కుని, కొంగు సర్దుకున్నాను.

"ఇప్పుడు అడుగు," అన్నాను.