వెళ్లొస్తా

రైలు కదిలే తొందరలో కొత్త సిపాయి నోరు జారి, "వెళ్తానమ్మా" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద తల్లి చెంపలు వేసుకుంది.

"వెళ్తా కాదురా, వెళ్లొస్తా అనాలి!" అంటూ కిటికీ వెంట పరిగెత్తింది. ఈలోగా రైలు వేగం అందుకుంది.

అర్ధరాత్రి పెట్టెలో దీపాలు ఆర్పేశారు. పక్కవాళ్ల గురకల మధ్య, కిటికీ కింద నుంచి చెప్పుల టపటప వినిపించిందతనికి. రైలు జోరు తగ్గలేదు. ఆ చప్పుడూ తగ్గలేదు.

"వెళ్లొస్తానను, నాన్నా," అంది ఆయాసపడుతున్న గొంతు.

అతను గబుక్కున కిటికీ ఎత్తి, చీకట్లోకి అరిచాడు. "వెళ్లొస్తానమ్మా! వెళ్లొస్తా!"

చెప్పుల చప్పుడు ఆగలేదు.

పై బెర్తు మీది పాత సిపాయి ముసుగు తియ్యకుండానే జాలిగా అన్నాడు:

"ఆవిడకి వినపడదు తమ్ముడూ. మా అమ్మ కూడా మొదటి ఏడాదంతా ఇలాగే పరిగెత్తింది."