ఎదురంగడి కప్‌కేకు

అంజలి కప్‌కేకును రెండుగా విరిచి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలేకొద్దీ ఆమె ముఖం ఎర్రబడింది. కేకు బాగుంది. ఆమె కోపమంతా అందుకే.

అది రోడ్డుకు అవతల, సరిగ్గా తన బేకరీకి ఎదురుగా కౌసర్ పెట్టిన అంగడిలోది. ప్రతి ఆదివారం భర్త కళ్యాణే వెళ్లి అక్కడ ఒక కప్‌కేకు కొనుక్కొచ్చేవాడు. ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారో తెలియకుండా వ్యాపారం ఎట్లా చేస్తావని చెప్పింది కూడా అతనే. ఇద్దరూ కౌంటర్ వెనక నిలబడి, ఈ కేకునూ ఆ కేకునూ పక్కపక్కన పెట్టి రుచి చూసేవాళ్లు. స్పాంజి అక్కడిది మెత్తన. క్రీము ఇక్కడిది తేలిక. అంజలి తన లోపాలను దాచుకునే మనిషి కాదు. ఏ రోజు ఏది చెడిందో భర్తకు ఉన్నదున్నట్టు చెప్పేసేది.

'ఆదోని నాలుక' అనే ఫేస్‌బుక్ పేజీ అంత న్యాయంగా ఉండేది కాదు. దాన్ని ఎవరు నడుపుతున్నారో ఊళ్లో ఎవరికీ తెలియదు. అది వారం వారం రెండు బేకరీల కప్‌కేకులనూ పోల్చేది. కౌసర్ కేకును ఆకాశానికెత్తేది. అంజలి కేకు అడుగు మాడిందనో, క్రీము పాతదనో రాసేది. దాని కింద తెలిసినవాళ్లే నవ్వు బొమ్మలు పెడుతుంటే అంజలికి ఒళ్లు మండిపోయేది. పుట్టినరోజు ఆర్డర్లు ఒక్కొక్కటే రోడ్డు దాటి పోయాయి.

అంజలికి తన అంగడి ఊరికే రాలేదు. కౌతాళంలో పత్తి చేలల్లో పెరిగిన పిల్ల. బెంగళూరులో ఒక బేకరీలో ఓవెన్ల వేడికి చేతులు కాల్చుకుంటూ పని నేర్చుకుంది. పెళ్లయి ఆదోని వచ్చాక, కప్‌కేకంటే ఏమిటని అడిగినవాళ్లకు ముక్కలు కోసి తినిపించి మరీ అలవాటు చేసింది. ఇప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరుగా ఉన్న కళ్యాణ్‌ను కూడా 'కప్‌కేకు అంజలి మొగుడు' అంటేనే గుర్తుపడతారు. అతను నవ్వి ఊరుకుంటాడు.

ఆ ఆదివారం సాయంత్రం పేజీలో కొత్త రాత వచ్చింది. అంజలి కేకు గుడ్డు వాసన కొడుతోందని, ఈ అంగడి మూసుకుంటే ఆదోనికే మేలని. అంజలి దాన్ని కళ్యాణ్‌కు చదివి వినిపించింది. కళ్యాణ్ పళ్లు కొరికాడు. ఇది ఎదురంగడి వాళ్ల పనేనని, లాభం ఇంకెవరికని అన్నాడు. తర్వాత మెల్లగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకెందుకు ఈ బాధ అంజలీ? మూసేసి ఇంట్లో ఉండు. నేను సంపాదిస్తాండాను గదా."

"నేనెందుకు మూయల్ల? మూసేది ఆ పిల్ల," అని అంజలి రోడ్డు దాటింది.

అంగడి నిండా జనం ఉన్నారు. కౌసర్ డబ్బాలు కడుతోంది. ఆమె తల్లి ఇమాంబీ మూల కుర్చీలో కూర్చుని ఉంది. అంజలి ఎవరినీ చూడలేదు. నాలుగు వీధులకూ వినబడేలా తిట్టింది. నీ కేకు మీద నమ్మకం లేకనే నా కేకు మీద ఉమ్ముతున్నావని అంది.

"నేను రాయలేదక్కా," అంది కౌసర్. "మీ కేకు తిన్నాకనే నాకు ఈ పని మీద ఆశ పుట్టింది."

ఆ మాటతో అంజలికి ఇంకా మండింది. కౌంటర్ మీదున్న ట్రేను చేత్తో ఒక్క తోపు తోసింది. కేకులన్నీ తలకిందులుగా నేల మీద పడ్డాయి. ఇమాంబీ లేచి, మోకాళ్ల మీద కూర్చుని, క్రీమంటిన కేకులను ఒక్కొక్కటే ఏరి చీర కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది.

ఆ గొడవను ఎవరో ఫోన్లో తీసి ఊరంతా తిప్పారు. తప్పుడు రాతలు రాసే అంగడి అని పేరు పడటంతో కౌసర్‌కు బేరాలు పడిపోయాయి. కొన్నాళ్లకు తల్లీకూతుళ్లు సామాను సర్దుకుని ఎమ్మిగనూరు పోయి, అక్కడ నేతగాళ్ల వీధిలో చిన్న బేకరీ పెట్టుకున్నారు. ఎదురుగా దించిన షట్టరును చూస్తే అంజలి కడుపు చల్లబడింది.

పేజీ మాత్రం ఆగలేదు. ఎమ్మిగనూరు దాకా పోయైనా కౌసర్ కేకే తినమని రాసింది. ఊరు దాటినా ఆ కౌసర్ బుద్ధి మారలేదని అంజలి రగిలిపోయింది. మాటలతో కాదు, చేతులతోనే జవాబు చెప్పాలనుకుంది. కొర్రపిండి, బెల్లం, వేయించిన వేరుశనగపప్పుతో కొత్త కప్‌కేకు తయారుచేసింది. ఆదివారం అంగట్లో పెట్టేదాకా ఎవరికీ తెలియకూడదనుకుంది. శనివారం పొద్దున ఇంట్లో మొదటి వాయి తీసి, మిల్లుకు బయల్దేరుతున్న కళ్యాణ్‌కు వేడివేడిగా ఒకటి ఇచ్చింది. అతను తిని, వేళ్లు తుడుచుకుని, బాగుందన్నాడు. మిగిలిన వాటిని గుడ్డ కప్పి వంటింట్లోనే ఉంచి, ఆమె అంగడికి పోయింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. మళ్లీ ఆ పేజీ. అంజలి కొత్తగా చేసిన కొర్ర కప్‌కేకులో వేరుశనగ చేదని, బెల్లం గొంతుకు పట్టుకుంటుందని, ఎవరూ కొనొద్దని ఉంది.

అంజలికి కళ్లు బైర్లు కమ్మాయి. షట్టరు దించి బస్టాండుకు పరుగెత్తింది. ఎమ్మిగనూరు బస్సు కదులుతుంటే ఎక్కింది. ఈసారి ట్రేతో ఆగకూడదు, ఆ అంగడినే లేపేయాలి. కిటికీ పక్కన కూర్చుని కౌసర్‌ను అడగాల్సిన మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. అన్నిటికంటే ముందు, నా కొర్ర కేకును నువ్వెప్పుడు తిన్నావే అని అడగాలి.

ఆ ప్రశ్న దగ్గరే ఆమె నోరు ఆగిపోయింది.

ఆ కేకును ఆమె ఇంతవరకు పెట్టింది కళ్యాణ్ ఒక్కడికే.