తీసేసిన ఏడు ముక్కలు

“ఆ ఏడు ముక్కల్నీ అవతల ఎందుకు పెట్టారు?” అని డైరెక్టరుని అడిగింది అత్తగారు, కొలతల గది గుమ్మంలోంచే.

ఆమె డైరెక్టరుకేమీ అత్తగారు కాదు. ఆ పరిశోధనశాలలో అయస్కాంతాలు కాల్చే ఫర్నేసు చూసుకునే మనిషి. ఆమె అల్లుడు అక్కడే గణాంకాల ఉద్యోగంలో చేరిన రోజు నుంచి, గేటు కాపలావాడు మొదలుకుని డైరెక్టరు దాకా అందరికీ ఆమె అత్తగారైపోయింది.

బల్ల మీద ఇరవై మూడు అయస్కాంతపు ముక్కలు వరసగా ఉన్నాయి. ఎర్ర చుక్క ఉంటే కొత్త ఫర్నేసుది, నీలి చుక్క ఉంటే పాతది అని డైరెక్టరు ఉత్తర్వు. ఒక్కో ముక్కనీ యంత్రంలో పెట్టి, ఎదురు దిక్కు నుంచి అయస్కాంత బలం పెంచుకుంటూ పోతారు. ఎంతదాకా లొంగకుండా నిలబడితే అంత దాని పట్టు. ఎర్రవి గెలిస్తే వచ్చే సోమవారం పాత ఫర్నేసు తుక్కులోకి పోతుంది, అత్తగారు స్టోరు గదిలో చీటీలు రాసుకోవాలి.

“అవి సరైన కొలతలు కావండీ,” అన్నాడు డైరెక్టరు. “నాలుగు ఎర్రవాటికి అంచులు చిట్లాయి. మూడు నీలివి కొలిచేటప్పుడు గది వేడెక్కింది.”

అత్తగారు లోపలికొచ్చి, వరసలోంచి ఒక ఎర్ర చుక్క ముక్కని తీసి తిప్పి చూపించింది. “ఇదీ చిట్లిందే. దీన్ని ఉంచుకున్నారే?”

డైరెక్టరు ఆ ముక్కని ఆమె చేతిలోంచి తీసుకుని మళ్లీ వరసలో పెట్టాడు.

“దీని అంకె బావుంది కనకనా?” అంది అత్తగారు. “ తీసెయ్యాలనుకుంటే కొలవకముందు తీసెయ్యాలి. అంకె చూశాక తీసెయ్యడమైతే ఇంక కొలవడం దేనికి? ఇంతకీ ఆ కొత్త ఫర్నేసు సంగతి మొన్ననే చెబుదామంటే…”

“దాని సంగతి తర్వాత,” అన్నాడు డైరెక్టరు, చెయ్యి అడ్డం పెట్టి. ఆయన చెయ్యి అడ్డం పెడితే ఆ భవనంలో ఎవరి మాటైనా ఆగిపోవాల్సిందే. మొన్న కూడా అలాగే ఆగింది.

“సరే, తర్వాతే,” అని ఆమె అల్లుడి వైపు తిరిగింది. “అల్లుడుగారూ, ఏదీ తియ్యకుండా ముప్ఫై ముక్కలూ లెక్కేస్తే ఎంతొచ్చింది?”

అల్లుడు కంప్యూటరు వెనక ఇంకాస్త ఒదిగి కూర్చున్నాడు. టీవీ రిమోటు కోసం కూడా అత్తగారితో వాదించని మనిషి. “రెండూ ఇంచుమించు ఒకటేనండీ, అత్తయ్యగారూ.”

“ఏడూ తీసేస్తే?”

“ఎర్రవి అయిదు శాతం మెరుగు. అసలు తేడా ఏమీ లేకుండా ఇంత తేడా కనబడాలంటే, నూటికి ఒక్కసారి మించి జరగదు.”

“ఏరుకోకుండా కొలిస్తే కదండీ ఆ నూటికి ఒకటి?”

అల్లుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. శుభ్రంగానే ఉన్న కళ్లజోడు అది.

“అత్తగారూ, మీ పని నిప్పు చూసుకోవడం,” అన్నాడు డైరెక్టరు. “లెక్కలు మాకొదిలెయ్యండి.”

“ఆ నిప్పు దగ్గరే నేర్చుకున్నానండీ. ఒకే ట్రేలో పక్కపక్కన కాలిన ముక్కలే ఒకదానిలా ఒకటి ఉండవు. ఏరుకోవడం మొదలెడితే ఏ రంగు కావాలంటే ఆ రంగు గెలుస్తుంది.”

డైరెక్టరు ఫారం ఆమె ముందుకు తోశాడు. అందులో మూడు గడులు, మూడు సంతకాలు. ఆయనది, అల్లుడిది, ఫర్నేసు మనిషిది. “సంతకం పెట్టండి. లేదంటే సోమవారం దాకా ఆగను. రేపే స్టోరుకి పంపిస్తాను.”

“పంపండి. చీటీలు రాయడం నాకూ వచ్చు.” ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. “ముందు మీరు పెట్టండి. ఏడూ ఎందుకు తీశారో కూడా రాసి పెట్టండి. నా గడి నేను తర్వాత నింపుతాను.”

ఆమె పట్టు కొలిచే యంత్రం ఆ భవనంలో లేదు. డైరెక్టరుకి అది తెలుసు. విసురుగా పెన్ను తీసి, ఏడు ముక్కలకీ ఏడు కారణాలు రాశాడు. కింద ‘కొత్త ఫర్నేసు ముక్కలు నిస్సందేహంగా మెరుగు’ అని రాసి, దానికింద గీత కూడా గీసి, పొడుగాటి సంతకం చేశాడు.

ఫారం అల్లుడి దగ్గరికి వెళ్లింది.

“మీరు కూడానా?” అంది అత్తగారు మెల్లగా.

“హెడ్డాఫీసుకి ఇవాళే పంపాలటండీ,” అన్నాడతను తలెత్తకుండా. సంతకం పెట్టాడు.

స్టోరు గది గురించి పడని బాధ ఆమె ఆ సంతకం చూసి పడింది. కూతురు ఇతని గురించి ఫోన్లో ఎన్ని గొప్పలు చెబుతుందో గుర్తొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, తన గడి నింపి, సంతకం చేసి ఇచ్చింది.

ఆమె గడిలో రాయాల్సింది ఒక్కటే. ఏ రంగు ముక్కలు ఏ ఫర్నేసులో కాలాయో.

డైరెక్టరు చదివి నవ్వాడు. “కోపంలో చూసుకున్నట్టు లేరు. నీలివాటికీ పాత ఫర్నేసనే రాశారు, ఎర్రవాటికీ పాత ఫర్నేసనే రాశారు.”

“చూసుకునే రాశానండీ,” అంది అత్తగారు లేచి నిలబడుతూ. “మొన్న చెప్పబోతే కుంటిసాకులొద్దన్నారు. ముప్ఫై ముక్కలు కావాలి, సగానికి ఎర్ర చుక్క పెట్టమన్నారు. పెట్టాను. మీ కొత్త ఫర్నేసుకి ఇంకా కరెంటే ఇవ్వలేదు.”